పెద్ద యుద్ధాల తర్వాత దేశాలకు దక్కిందేమిటి, పోయిందేమిటి?

పాలమూరు అభ్యర్థి | ఆదివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మహబూబ్‌నగర్‌లో ఉండి గ్రూప్-1కు చదువుకుంటున్నాను. వ్యాసం పేపరుకు సాధనగా మా మిత్రబృందం ఈ అంశం తీసుకుంది. నిన్న గట్టి వాదనే జరిగింది. ఒక మిత్రుడు "రెండో ప్రపంచ యుద్ధం లేకపోతే అమెరికాకు ఈ స్థాయి వచ్చేది కాదు, పెన్సిలిన్ అందరికీ అందేది కాదు, మనకు స్వాతంత్ర్యమూ అంత త్వరగా వచ్చేది కాదు" అన్నాడు. ఇంకొకరు "యుద్ధంలో అందరూ ఓడినవారే" అన్నారు. రెండు మాటలూ నాకు మింగుడుపడలేదు. మొదటివాడు చనిపోయినవారిని లెక్కలోకే తీసుకోవడం లేదు. రెండో మాట వినడానికి బాగుంటుంది కానీ, 1945లో జర్మనీ ఉన్న స్థితికీ అమెరికా ఉన్న స్థితికీ తేడా లేదని ఎవరనగలరు?

కోచింగ్ నోట్సులో మధ్యలో గీత గీసి, లాభాలు ఒక పక్క, నష్టాలు ఒక పక్క రాసి ఇచ్చారు. అలా రాయడానికి మనసు ఒప్పడం లేదు. ఇక్కడ చదివినవారు, అనుభవం ఉన్నవారు చాలామంది ఉన్నారు. ఉదాహరణలతో చెప్పగలరా?

---

దేవరకొండ చరిత్ర సార్ | ఆదివారం, ఉదయం 9:05

బాబూ, ముందు ఆ గీత చెరిపెయ్యి. తర్వాత మన ప్రాంతం నుంచే మొదలుపెట్టు.

నల్లగొండ, పాలమూరు రెండూ నిజాం రాజ్యంలోవే. ఆ రాజ్యం పెద్ద యుద్ధాలలో చాలావరకు గెలిచిన పక్షానే ఉంది. టిప్పు సుల్తాన్ మీద ఇంగ్లీషు కంపెనీతో కలిసి పోరాడింది. 1792లోనూ 1799లోనూ బళ్లారి, కడప, అనంతపురం వైపు భూములు వాటాగా దక్కాయి. 1800 వచ్చేసరికి ఏమైంది? కంపెనీ సైన్యాన్ని పోషించే ఖర్చు కింద ఆ భూములనే నిజాం కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాలంటే అవే. మైసూరును ఓడించినవాడు తాను గెలుచుకున్న భూమిని తన పక్షాన నిలిచిన మిత్రుడికే సమర్పించుకున్నాడు. అంతటితోనూ ఆగలేదు. కంపెనీ అధికారుల కింద నిజాం ఖర్చుతో నడిచే హైదరాబాద్ కంటింజెంట్ అనే దళం జీతాల బాకీ పేరుకుపోయి, 1853లో బేరారును (నేటి మహారాష్ట్రలోని ప్రాంతం) కంపెనీ చేతిలో పెట్టాల్సి వచ్చింది. నల్లరేగడి నేల, పత్తి బాగా పండే సీమ.

మొదటి ప్రపంచ యుద్ధం సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. అప్పటి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వారికి భారీగా డబ్బిచ్చాడు. హైదరాబాద్ లాన్సర్లు (అశ్విక దళం) ఈజిప్టు, పాలస్తీనా ఇసుకలో యుద్ధం చేశారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాలలో ఒకటి హైదరాబాద్ దళానిది, తక్కినవి మైసూరు, జోధ్‌పూర్ దళాలవి. బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు కొనిచ్చింది కూడా నిజామే. ఇంత చేసినందుకు 1918లో వచ్చింది రెండు బిరుదులు. ఒకటి మిగతా సంస్థానాధీశుల కంటే ఒక మెట్టు పైన నిలిపేది, రెండోది "బ్రిటిష్ ప్రభుత్వ విశ్వసనీయ మిత్రుడు" అనేది.

ఆ విశ్వసనీయ మిత్రుడు కొన్నేళ్లకు బేరారు తిరిగి ఇవ్వమని అడిగాడు. 1926 మార్చిలో వైస్రాయి లార్డ్ రీడింగ్ నుంచి జవాబు వచ్చింది. భారతదేశంలో బ్రిటిష్ కిరీటానిదే సర్వాధికారమనీ, ఏ సంస్థానాధీశుడూ తమతో సమాన స్థాయిలో బేరమాడజాలడనీ దాని సారాంశం. ఆ ఉత్తరం పాఠం దొరుకుతుంది, వెతికి చదువు. గెలిచిన పక్షాన ఉండడం వల్ల ఏమి దక్కుతుందో చెప్పడానికి అంతకంటే మంచి పత్రం నాకు తెలియదు.

బిరుదు రాజుకు వచ్చింది. దానికి పెట్టిన ఖర్చు మాత్రం రైతు కట్టిన శిస్తులోనిది. కాబట్టి "దేశానికి లాభం" అని ఎవరైనా అన్నప్పుడల్లా, దేశంలో ఎవరికి అని అడుగు. నీ వ్యాసానికి అదే పట్టుకొమ్మ అవుతుంది.

---

జడ్చర్ల మాజీ జవాను | ఆదివారం, ఉదయం 10:30

సార్ చెప్పింది రాజుల యుద్ధాల లెక్క. దాన్ని పట్టుకుని యుద్ధాలన్నీ వ్యర్థమని తమ్ముడు రాయకూడదని ఇది రాస్తున్నాను.

నేను సైన్యంలో చేరింది 1971 యుద్ధం తర్వాత చాలా కాలానికి. కానీ ఆ యుద్ధంలో పోరాడిన సుబేదార్ల దగ్గరే పని నేర్చుకున్నాను. ఆ ఏడాది తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటి మంది మన దేశంలోకి వచ్చిపడ్డారు. నెలల తరబడి ప్రపంచం చూస్తూ ఉండిపోయింది. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. 93 వేల మంది బందీలయ్యారు. ఒక కొత్త దేశం పుట్టింది. శరణార్థులు తిరిగి ఇళ్లకు వెళ్లారు. మనవాళ్లు 3,800 మందికి పైగా ప్రాణాలిచ్చారు. పశ్చిమాన 13 వేల చదరపు కిలోమీటర్లకు పైగా భూమి మన చేతికి వచ్చింది, 1972 సిమ్లా ఒప్పందంతో దాన్ని తిరిగి ఇచ్చేశాం. భూమి కోసం ఆ యుద్ధం చేయలేదు కాబట్టే ఇవ్వగలిగాం.

యుద్ధం చేయకపోవడానికీ ఒక ధర ఉంటుంది. హిట్లర్‌ను ఆపకుండా వదిలేస్తే ఎంత పోయేదో ఎవరూ లెక్కించలేరు. జరగని నష్టం ఏ పుస్తకంలోనూ నమోదు కాదు. సైనికుడు కాపాడేది దాన్నే.

---

సూర్యాపేట అధ్యాపకురాలు | ఆదివారం, ఉదయం 11:15

జవాను అన్న మాటకు నేను అడ్డు చెప్పను. మా ఊరి బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మరో 19 మంది సైనికులతో పాటు అమరుడయ్యారు. ఆయన విగ్రహం ముందు నుంచి వెళ్లే ఏ తల్లినీ "దీనివల్ల లాభమేమిటి" అని అడిగే ధైర్యం నాకు లేదు.

1971 గురించి ఒక చిన్న విషయం చేరుస్తాను. మా ఇంట్లో తాతగారి పాత ఉత్తరాల కట్ట ఉంది. 1972 నాటి కవర్ల మీద మామూలు స్టాంపు పక్కనే ఇంకో 5 పైసల స్టాంపు అంటించి ఉంటుంది. శరణార్థుల సహాయం కోసం ప్రభుత్వం విధించిన అదనపు రుసుము అది, 1973 దాకా కొనసాగింది. పెళ్లి శుభలేఖ పంపినా, చావు కబురు పంపినా ఆ 5 పైసలు కట్టాల్సిందే. సూర్యాపేటలో కూర్చుని ఉత్తరం రాసిన మనిషి ఢాకాకు తన వంతు చెల్లించాడు. ఎవరూ సణిగినట్టు ఆ ఉత్తరాలలో ఎక్కడా లేదు. ఎందుకు కడుతున్నారో వాళ్లకు తెలుసు. సార్ చెప్పిన నిజాం విరాళానికీ దీనికీ తేడా అక్కడే ఉందనిపిస్తుంది.

---

వనపర్తి ఖాతాపుస్తకం | ఆదివారం, మధ్యాహ్నం 12:50

బ్యాంకులో పనిచేసేవాడిని, నాకు అప్పుల భాషే వచ్చు. గెలిచిన దేశం అప్పు ఎలా ఉంటుందో చూడండి.

1945లో బ్రిటన్ గెలిచింది. అప్పటికి దాని ప్రభుత్వ రుణం దేశ వార్షికోత్పత్తికి రెండు రెట్లు దాటింది. 1946లో అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్లు అప్పు చేసింది. చివరి వాయిదా కట్టింది 2006 డిసెంబరు చివర్లో. యుద్ధం నడిచినన్నాళ్లు రొట్టెకు రేషన్ లేదు, గెలిచాక 1946లో రొట్టెకూ రేషన్ పెట్టారు. ఆహార రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954లో. ఓడినవారి సంగతికి వస్తే, మొదటి యుద్ధానికి జర్మనీ మీద 1921లో 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం మోపారు. దానికి సంబంధించిన బాండ్ల చివరి చెల్లింపు 2010 అక్టోబరులో జరిగింది. తొంభై ఏళ్లు! సంతకం చేసినవారి మునిమనవలు కట్టారు.

ఇప్పుడు మన లెక్క. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఇక్కడ సరుకులు, బట్టలు, ధాన్యం కొని, వెంటనే డబ్బు ఇవ్వలేదు. లండన్‌లో మన పేర స్టెర్లింగ్ (బ్రిటిష్ పౌండ్ల) నిల్వగా రాసిపెట్టింది. దాని మీద ఇక్కడ రిజర్వు బ్యాంకు నోట్లు ముద్రించింది. 1939 నుంచి 1945 నాటికి చలామణీలో ఉన్న నోట్లు ఆరు రెట్లకు పైగా పెరిగాయి. సరుకు పెరగలేదు, నోటు పెరిగింది. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ. కాగితం మీద భారతదేశం అప్పులు తీర్చుకుని, అప్పిచ్చిన దేశంగా మారింది. పుస్తకాలలో దీన్ని లాభం పక్కన రాస్తారు. ఆ లాభం కూడబెట్టింది ధరలు మండిపోతుంటే అర్ధాకలితో పడుకున్న జనం. 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. అంతకు ముందే, 1942లో జపాన్ బర్మాను పట్టుకోవడంతో అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది.

---

పాలమూరు అభ్యర్థి | ఆదివారం, మధ్యాహ్నం 2:10

వనపర్తి అన్నగారూ, ఈ స్టెర్లింగ్ నిల్వ సంగతి మా నోట్సులో "యుద్ధం వల్ల భారత్‌కు లాభం" కిందే ఉంది! మరి అమెరికా సంగతి ఏమిటి? అది నిజంగా లాభపడినట్టే కదా?

---

వనపర్తి ఖాతాపుస్తకం | ఆదివారం, మధ్యాహ్నం 2:45

లాభపడింది, కాదనలేం. 4 లక్షల మందికి పైగా సైనికులు చనిపోయినా, దాని ప్రధాన భూభాగంలో నగరాలు కూలలేదు. ఫ్యాక్టరీలు మూడు షిఫ్టులు నడిచాయి. పోటీగా ఉన్న దేశాలన్నీ శిథిలమయ్యాయి. అయితే ఆ సంపదను ఏం చేశారన్నది ముఖ్యం. 1944 చట్టంతో సుమారు 78 లక్షల మంది మాజీ సైనికులను చదువులకో, వృత్తి శిక్షణకో పంపారు. మార్షల్ ప్రణాళిక కింద ఐరోపాకు సుమారు 1,300 కోట్ల డాలర్లు ఇచ్చారు. మొదటి యుద్ధం తర్వాత జర్మనీని పిండారు, ఇరవై ఏళ్లకు మళ్లీ యుద్ధం వచ్చింది. రెండోసారి 1953లో లండన్‌లో కూర్చుని జర్మనీ పాత అప్పుల్లో సగం దాకా మాఫీ చేశారు. పశ్చిమ ఐరోపా వృద్ధికి కారణం బాంబులు కావు, ఆ తర్వాత తీసుకున్న నిర్ణయాలు. ఓడినవాడితో ఎలా ప్రవర్తించామన్నదే ఎక్కువ కాలం ఫలితమిస్తుంది.

అదే అమెరికా వియత్నాంలో 58 వేల మందిని పోగొట్టుకుంది, అఫ్గానిస్తాన్‌లో ఇరవై ఏళ్లుండి 2021లో వెనక్కి వచ్చింది. అక్కడ ఏ లాభమూ చూపలేరు.

---

చండూరు పత్తి రైతు | ఆదివారం, సాయంత్రం 6:20

పొలం నుంచి వచ్చి ఇప్పుడే చదివాను. పత్తి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది పత్తి ఇంగ్లండుకు రావడం ఆగింది. మాంచెస్టర్ మిల్లులు మన దేశం వైపు తిరిగాయి. బొంబాయిలో పత్తి ధర ఆకాశానికి ఎక్కింది, డబ్బు వరదలా వచ్చి పడింది. దక్కనులో రైతులు జొన్న తీసేసి పత్తి వేశారు. షావుకార్లు అడగకుండానే అప్పులిచ్చారు. 1865లో ఆ యుద్ధం ముగిసింది, ధర కుప్పకూలింది. అప్పు మాత్రం అలాగే ఉంది. పదేళ్లు వడ్డీ కట్టీ కట్టీ, 1875లో పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు షావుకార్ల ఇళ్ల మీదికి వెళ్లి అప్పు పత్రాలు గుంజుకుని తగలబెట్టారు. మనుషులను చంపడం కంటే కాగితాలను కాల్చడం మీదే వారి దృష్టి. అమెరికాలో బానిసత్వం పోయింది, అది మానవజాతికి దక్కిన గొప్ప లాభం, ఒప్పుకుంటాను. దానితో ఏ సంబంధమూ లేని దక్కను రైతు ఇక్కడ అప్పుల్లో మునిగాడు.

మనకు దగ్గరి మాట. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే కిరాణా కొట్టులో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర ఎగిరింది. అప్పట్లో మన దేశానికి ఆ నూనె ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే. పొటాష్ ఎరువు పూర్తిగా దిగుమతే. రష్యా, బెలారుస్ నుంచి రావాల్సింది చిక్కుల్లో పడింది. ఆ ఏడు బస్తా 1,700 రూపాయల దాకా పోయింది. మా వైపు చాలామంది పొటాష్ వేయడమే మానేశారు. పత్తికాయ ఊరే సమయంలో ఆకులు అంచుల నుంచి ఎర్రబారి ఎండుతూ వచ్చాయి. తెగులేమోనని మందు కొట్టినవారూ ఉన్నారు. యుద్ధం ఎక్కడ, మా చెలకలో ఆకు ఎక్కడ. ఏ దేశం లాభనష్టాల పట్టికలోనూ ఆ ఆకు ఉండదు.

---

కల్వకుర్తి నుంచి | ఆదివారం, రాత్రి 8:00

రైతు అన్న చెప్పినట్టే మా ఇంటి కథ కూడా. మా నాయన 1990లో కువైట్‌లో మేస్త్రీ పని చేసేవాడు.

ఇరాన్, ఇరాక్ 1980 నుంచి 1988 దాకా కొట్టుకున్నాయి. లక్షల మంది చనిపోయారు. చివరికి సరిహద్దు ఎక్కడ మొదలైందో అక్కడే ఆగింది. ఇరాక్ మీద మాత్రం అప్పు కొండలా పేరుకుంది. అప్పిచ్చిన వారిలో కువైట్ ఒకటి. 1990 ఆగస్టు 2న ఇరాక్ ఆ కువైట్‌నే ఆక్రమించింది. ఒక యుద్ధం మిగిల్చిన అప్పు ఇంకో యుద్ధానికి దారి తీసింది.

నాయన దాచుకున్న దినార్లు వారాల్లో విలువ కోల్పోయాయి. బస్సుల్లో, లారీల్లో ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరారు. అక్కడి నుంచి ఎయిరిండియా విమానాలు లక్షా డెబ్బై వేల మంది భారతీయులను తెచ్చాయి. ఇక్కడ ఆయన దిగేసరికి దేశమే ఇబ్బందుల్లో ఉంది. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి డబ్బు రావడం తగ్గింది. 1991లో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని విదేశాలలో తాకట్టు పెట్టింది. యుద్ధంలో మనం లేము, తూటా పేల్చలేదు, అయినా బంగారం తాకట్టుకు వెళ్లింది.

ఒక్క మంచి జరిగింది. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన కమిషన్ ఇరాక్ చమురు ఆదాయం నుంచి పరిహారం ఇప్పించింది. కువైట్ వదిలి రావాల్సి వచ్చిన కూలీలకు ఒక్కొక్కరికి 2,500 డాలర్లో 4,000 డాలర్లో అందాయి. మా నాయనకూ వచ్చాయి. ఆలస్యంగా వచ్చినా ఆ డబ్బుతోనే మా ఇంటికి స్లాబు పడింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించడం ఇరాక్‌కు 2022 దాకా పట్టింది. ఆ సొమ్ము కట్టింది సద్దాం కాదు. యుద్ధం నాటికి పుట్టని ఇరాకీ పిల్లల వాటా అది. మాకు అందిన న్యాయం వాళ్లకు అన్యాయమే. దీనికి నా దగ్గర జవాబు లేదు.

---

జడ్చర్ల మాజీ జవాను | ఆదివారం, రాత్రి 8:40

కల్వకుర్తి తమ్ముడూ, ఇది చదివి చాలాసేపు ఊరుకున్నాను. అయినా ఒక మాట. కువైట్‌ను విడిపించకుండా వదిలి ఉంటే, చిన్న దేశాన్ని పెద్ద దేశం మింగడం మామూలైపోయేది. ఆ యుద్ధం జరగాల్సిందే.

---

సూర్యాపేట అధ్యాపకురాలు | ఆదివారం, రాత్రి 9:10

అభ్యర్థి మిత్రుడు అన్న పెన్సిలిన్ మాటకు నా జవాబు. పెన్సిలిన్‌ను ఫ్లెమింగ్ గుర్తించింది 1928లో, శాంతి కాలంలో. యుద్ధం తెచ్చింది పరిశోధన కాదు, డబ్బు, తొందర. ఆ డబ్బును శాంతి కాలంలో ఎందుకు ఇవ్వలేకపోయారన్నది ప్రభుత్వాలను అడగాల్సిన ప్రశ్న. మన నల్లగొండలోనే ఎముకలు వంకర్లు పోయిన మనుషులు ఫ్లోరైడ్ లేని నీటి కోసం దశాబ్దాలు ఎదురుచూశారు. ఆ తొందర ఇక్కడ ఎందుకు పుట్టలేదు?

ఆడవారి విషయం కూడా "లాభాల" జాబితాలో పెడతారు. మొదటి యుద్ధం వల్ల బ్రిటన్‌లో స్త్రీలకు ఓటు వచ్చిందంటారు. 1918లో వచ్చింది 30 ఏళ్లు దాటినవారికి, అదీ ఆస్తి షరతుతో. పురుషులతో సమానంగా ఓటు వచ్చింది 1928లో. 1919లో ఇంకో చట్టం చేసి, ఫ్యాక్టరీల్లో యుద్ధానికి ముందున్న పద్ధతులను మళ్లీ తెచ్చారు. తూటాలు తయారుచేసిన ఆడవారిలో చాలామంది అలా ఇంటికి వెళ్లిపోయారు.

సోవియట్ యూనియన్ గెలిచింది. బెర్లిన్ మీద జెండా ఎగరేసింది. సుమారు 2.7 కోట్ల మంది చనిపోయారు. యుద్ధం ముగిసిన పద్నాలుగేళ్లకు, 1959 జనగణనలో మగవారి కంటే ఆడవారు సుమారు 2 కోట్ల మంది ఎక్కువగా తేలారు. ఊళ్లకు ఊళ్లలో పెళ్లీడు మగవాడు లేడు. నాగలి పట్టింది, ఇటుక మోసింది, పిల్లలను ఒంటరిగా పెంచింది వాళ్లు. విజయమంటే వారికి అదే.

---

దేవరకొండ చరిత్ర సార్ | ఆదివారం, రాత్రి 9:50

అమ్మా, చాలా బాగా చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం నల్లగొండకు వచ్చిన దారి ఒకటి ఉంది, అది ఈ చర్చలో రాలేదు. విశాఖ, కాకినాడల మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డాయి. మన మీద బాంబు పడలేదు. మన మీద పడింది లెవీ.

బర్మా బియ్యం ఆగాక హైదరాబాద్ సంస్థానం రైతు దగ్గర నిర్బంధంగా ధాన్యం సేకరించింది. ప్రభుత్వం పెట్టిన ధర బజారు ధర కంటే తక్కువ. కాగితం మీద అందరికీ ఒకే నియమం. ఆచరణలో లెక్క రాసేది పట్వారీ, పట్వారీ దొర మనిషి. వందల ఎకరాల దేశ్‌ముఖ్ ధాన్యం చీకటి బజారుకు పోయేది, నాలుగెకరాల రైతు గింజలు లెవీకి పోయేవి. అప్పటికే వెట్టి ఉంది, బేదఖళ్లు (భూమి నుంచి రైతును వెళ్లగొట్టడం) ఉన్నాయి. వాటి మీద ఇది వచ్చి పడింది. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాడు. సంఘం ఊరూరికీ పాకింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తర్వాత 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం మీకందరికీ తెలుసు.

సాయుధ పోరాటానికి లెవీ ఒక్కటే కారణమని నేననను. కానీ ఐరోపాలో మొదలైన యుద్ధం బర్మా మీదుగా వచ్చి జొన్న రొట్టె మీద చేయి వేసిన వైనాన్ని వదిలేస్తే, ఆ తిరుగుబాటు అప్పుడే ఎందుకు రగిలిందో అర్థం కాదు.

---

భువనగిరి కోట | ఆదివారం, రాత్రి 10:25

సార్, మా నాయనమ్మ చెప్పిన మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా వాళ్లకు ఇంటి వెనక జొన్నల పాతర ఉండేది. మనిషి లోతు గొయ్యి తవ్వి, గోడలకు వరిగడ్డి మందంగా పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి వేసి మట్టితో మూసేవారు. మూత తీసిన వెంటనే లోపలికి దిగకూడదు, ఆ గాలికి మనిషి పడిపోతాడు. చాలాసేపు తెరిచి ఉంచి, దీపం దింపి చూసి, ఆరిపోకపోతే అప్పుడు దిగేవారు. లెవీ రోజుల్లో గిర్దావరు (రెవెన్యూ ఉద్యోగి), పట్వారీ వచ్చి వాకిట్లో ధాన్యం గుమ్ములు కొలిచేవారట. గుమ్మిలో దొరికింది తక్కువనిపిస్తే దొడ్లోకి వెళ్లి గడ్డపారతో నేల పొడిచి చూసేవారు. పార తేలికగా దిగితే అక్కడ పాతర ఉన్నట్టు. అందుకని మా ముత్తవ్వ పాతర మీద బర్రెను కట్టేసేది. పేడ, మూత్రం, తొక్కిన మట్టితో అక్కడి నేల వేరుగా కనిపించేది కాదు.

ఒక ఏడు ఆ ఉపాయమూ సాగలేదు. గింజలు మోసుకుపోయారు. ఆ వానాకాలం మా వాళ్లు తమ పొలంలో పండిన జొన్నలనే బజారులో రెట్టింపు ధరకు, షావుకారు దగ్గర అప్పు చేసి కొన్నారు. ఆ యుద్ధం ఎవరెవరికి మధ్య జరిగిందో నాయనమ్మకు చివరిదాకా తెలియదు. "జర్మనోడి లడాయి" అనేది, అంతే.

---

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 10:40

చర్చ చక్కగా సాగుతోంది. 1948 పోలీసు చర్య మీద వచ్చిన రెండు వ్యాఖ్యలను వేరే చర్చగా మార్చాను. అది విడిగా మాట్లాడుకోవాల్సినంత పెద్ద విషయం. దయచేసి ఇక్కడ పార్టీల ప్రస్తావన తేవద్దు.

---

పాలమూరు అభ్యర్థి | సోమవారం, ఉదయం 6:30

అందరికీ చేతులెత్తి నమస్కారం. రాత్రి మళ్లీ మొదటి నుంచి చదివాను. వ్యాసం ఇలా మొదలుపెట్టాలనుకుంటున్నాను: 1926 నాటి రీడింగ్ ఉత్తరం, ఆ తర్వాత లెవీ, ఆ తర్వాత కువైట్. 1971ని కూడా పెడతాను, జవాను అన్న కోసం కాదు, అది నిజంగానే వేరే రకం కాబట్టి. పరీక్షలో "మన స్వాతంత్ర్యం యుద్ధం ఇచ్చిన లాభమా?" అని అడిగితే ఏమి రాయాలన్నదే తేలలేదు.

---

దేవరకొండ చరిత్ర సార్ | సోమవారం, ఉదయం 8:15

యుద్ధం బ్రిటన్‌ను బలహీనపరిచింది. దేశాన్ని విడిపించింది మాత్రం మన జనం. మొదటి యుద్ధానికి మనం సుమారు 13 లక్షల మందిని సముద్రం దాటించాం, 74 వేల మంది చనిపోయారు. 10 కోట్ల పౌండ్లు కానుకగా ఇచ్చాం. బదులుగా 1919లో దక్కింది రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్. యుద్ధంలో సాయం చేస్తే స్వేచ్ఛ వస్తుందన్న ఆశ అక్కడే చచ్చిపోయింది. 1942లో "క్విట్ ఇండియా" అన్నవారు, 1946లో బొంబాయి రేవులో ఓడల మీద తిరగబడిన నావికులు లేకపోతే, దివాళా తీసిన బ్రిటన్ కూడా ఇంకొన్నాళ్లు ఇక్కడే కూర్చునేది. అలా రాయి.

---

జడ్చర్ల మాజీ జవాను | సోమవారం, ఉదయం 9:00

తమ్ముడూ, 1962 చైనా యుద్ధాన్ని వదిలిపెట్టకు. మంచు కొండల్లో సరైన బూట్లు, చలి కోట్లు లేకుండా మనవాళ్లను నిలబెట్టారు. సిద్ధంగా లేని దేశం ఏమి పోగొట్టుకుంటుందో ఆ నెల రోజులు చూపిస్తాయి. శాంతి కోరుకునేవాడు కూడా కాపలా పెట్టుకోవాలని ఒక్క పేరా రాయి. సార్‌తో నాకు అక్కడే తేడా, మిగతా అంతా ఒప్పుకున్నాను.

---

దేవరకొండ చరిత్ర సార్ | సోమవారం, ఉదయం 9:20

ఆ పేరా ఉండాల్సిందే, అందులో నాకూ అభ్యంతరం లేదు. కాపలా ఖర్చు ఎవరి మీద ఎంత పడుతుందో కూడా అదే పేరాలో రాయమని మాత్రం అడుగుతాను.

లెవీ మీద మూల పత్రాలు చూడాలనుకుంటే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారానికి వెళ్లు. నిజాం కాలపు రెవెన్యూ దస్తరం చాలావరకు ఉర్దూలో ఉంటుంది. నాకు చదవడం వచ్చు, ఫోటోలు తీసి పంపితే తెలుగులో రాసిస్తాను. భువనగిరి మిత్రమా, మీ నాయనమ్మగారి మాటలు ఊరి పేరు, సుమారు సంవత్సరంతో సహా ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. దస్తరంలో పట్వారీ రాసిన లెక్క పక్కన పెట్టి చూడడానికి అవి కావాలి.